గవ్వలపాలెం ఒప్పుకుంది

సముద్రాన్ని కాపాడాలని ఉందా మీకు? అయితే ముందు సముద్రానికి దూరంగా వచ్చెయ్యండి. ఎంత దూరమంటే, ఉప్పుగాలి మొహాన తగలనంత. బెంగళూరైతే మరీ మంచిది!

నవ్వకండి. నేను సరదాకి చెప్పడం లేదు. లా చదివినవాణ్ణి. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. మా నాయన బెంగళూరు కె.ఆర్.పురంలో తాపీపని చేసి నన్ను చదివించాడు. అలాంటి చదువు చదివి పేపర్లో అబద్ధం రాశానని తెలిస్తే ఆ తాపీతోనే సమాధానం చెబుతాడు. కాబట్టి నన్ను మీరు ధైర్యంగా నమ్మొచ్చు.

నేను పనిచేసేది సముద్రాలనూ తీరాలనూ చట్టంతో కాపాడే సంస్థలో. కేసులు వేస్తాం. ప్రభుత్వం ఏదైనా ముసాయిదా వదిలితే దానిమీద అభిప్రాయాలు రాస్తాం. ఢిల్లీకి ఫ్యాక్సులు కొడతాం. ఆఫీసు ఇందిరానగర్‌లో మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే కనబడే జలరాశి ఒక్కటే, పక్కింటి సంపులో నీళ్ళు పోయడానికి వచ్చే ట్యాంకరు. గోడ మీద తాబేలు పోస్టరు. అది మావైపే చూస్తూ ఉంటుంది, ఒక కప్పు ఇద్దరం పంచుకునే బై టూ కాఫీలో తనకీ భాగం వస్తుందేమోనని.

చేరిన కొత్తలో నాకూ మీలాగే అనుమానం వచ్చింది. చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఆఫీసు పెట్టొచ్చు కదా అని మా డైరెక్టరు ఛాయాదేవిగారిని అడిగాను. ఆమెది ఎప్పుడో తాతల కాలంలో బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, మాటల్లో కన్నడం దొర్లుతుంది.

"అక్కడ హ్యుమిడిటీ కదప్పా! ఫైల్స్ అన్నిటికీ ఫంగస్ పట్టేస్తుంది. ఆమేలె, సముద్రం ఎదురుగా పెట్టుకోని కూర్చుంటే పని ఎక్కడ సాగుతుంది? వ్యూ చూస్తా కూర్చుంటాం" అన్నారు.

ఎంత నిజం! జడ్జి తన బంధువు కేసు వినకూడదంటారు. మరి సముద్రం పక్కన కాపురముండేవాడు సముద్రం కేసు ఎలా వాదిస్తాడు? వాడు రోజూ దాని చేపలు తింటాడు. దాని గాలి పీలుస్తాడు. నిష్పక్షపాతంగా ఎలా ఉంటాడు?

ఇంకో సంగతి. తొంభై ఒకటిలో వచ్చిన నిబంధనల ప్రకారం, సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళు ఎంతదాకా వస్తాయో అక్కడొక గీత. ఆ గీత నుంచి ఐదువందల మీటర్ల లోపల ఏం కట్టాలన్నా ఆంక్షలు. మరి ఆ గీత ఎక్కడ గీయాలి? ఒడ్డున గీస్తే అల వచ్చి చెరిపేస్తుంది. సముద్రానికి చట్టమంటే బొత్తిగా గౌరవం లేదు. అదే బెంగళూరులో, ట్యూబులైటు కింద, స్కేలు పెట్టి గీయండి. ఎన్ని తుఫాన్లొచ్చినా ఆ గీత చెక్కుచెదిరితే నన్నడగండి!

పైగా నీటిని చూసుకోవడంలో బెంగళూరుకున్న అనుభవం ఇంకే ఊరికుంది? మెజెస్టిక్ బస్టాండు ఒకప్పుడు చెరువు. కంఠీరవ స్టేడియం ఒకప్పుడు చెరువు. ఇవాళ ఆ చెరువుల్లో ఒక్క చుక్క నీరు కూడా కలుషితం కావడం లేదు. చెరువు పాడైపోకుండా ఉండటానికి ఇంతకంటే శాశ్వతమైన ఉపాయం ప్రపంచంలో ఎవరైనా కనిపెట్టారా? ఇన్ని చెరువుల్ని ఒడ్డుకు చేర్చిన ఊరికి, పాపం, ఒక్క సముద్రం బరువా?

ఇక నా అర్హతలు. ఆఫీసులో తెలుగు చదవడం, రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఛాయాదేవిగారు మాట్లాడతారు గానీ ఆమె తెలుగు అక్షరాల దాకా వెళ్ళదు. అందుచేత ఆంధ్ర తీరం మొత్తం నాకు అప్పజెప్పారు. మా సొంతూరు కదిరి పక్క, కరువు నేల. మా ఊళ్ళో వాన పడితే పిల్లలు దడుచుకుని ఇళ్ళలోకి పరిగెత్తుతారు, పైనుంచి ఏదో పడుతోందని. సముద్రాన్ని నేను పోస్టరులో తప్ప చూడలేదు.

ఈ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు మా అమ్మ దోసె తిప్పడం ఆపేసింది.

"సముద్రం యాడుండాదో తెలీకుండా దాన్ని నువ్వెట్ల కాపాడతావురా నాయనా?"

"దేవుడు యాడుండాడో తెలుసా నీకు?"

"లేదు."

"మరి దినామూ దీపం పెడతావు కదమ్మా!"

మా అమ్మ కాసేపు ఆలోచించి, "దీపం పెడితే దేవుడు జీతం ఇయ్యడు. నీకు ఇస్తారా?" అంది. ఇస్తారన్నాను. దోసె అప్పటికే మాడిపోయింది.

సరే, అసలు విషయానికి వస్తాను.

నేను చేరిన ఏడాదే తీరాల మీద కొత్త ముసాయిదా ఒకటి వచ్చింది. పర్యాటకం పెరగాలి గనక గీతకు బాగా దగ్గరగా కూడా రిసార్టులు కట్టుకోవచ్చని అందులో ఉంది. మేం ఊరుకుంటామా? ప్రజల్ని అడక్కుండా ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదని పోరాడాం. సెమినార్లు పెట్టాం. చివరికి గెలిచాం! ముసాయిదాలో ఒక వాక్యం చేర్పించాం: "స్థానికులకు అభ్యంతరం లేనిచోట మాత్రమే." ఆ రోజు ఆఫీసులో అందరికీ ఫుల్ కాఫీ. బై టూ లేదు.

నెల్లూరు తీరంలో గవ్వలపాలెం అని ఒక పట్టపు వాళ్ళ ఊరుంది, అంటే సముద్రంలో వేటాడే జాలరుల ఊరు. ఊరంటే కొన్ని ఇళ్ళు, వాటి ముందు ఇసక. ఆ ఇసక మీదికే పడవలు లాగుతారు. అక్కడే వలలు బాగుచేసుకుంటారు. అక్కడే ఆడవాళ్ళు నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబెడతారు. ఇసక పోతే పడవకి చోటు లేదు, చేపకి ఎండ లేదు. ఆ ఇసక మీద ఒక రిసార్టు కంపెనీ కన్నేసింది. ముసాయిదా నిబంధనగా మారింది గనక, కొత్త వాక్యం ప్రకారం ఇప్పుడు ఊరిని అడగాలి. ఊరు కాదంటే కంపెనీ వెనక్కి పోవాలి. అంతే! ఇంత సులువుగా ఒక ఊరిని కాపాడిన వాక్యం ఇంకోటి ఉందా?

అడగడానికి దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కలిపి ఒకే సభ పెట్టారు. ఎక్కడ? బెంగళూరులో, ఒక పెద్ద హోటల్లో.

మీరు ముఖం చిట్లిస్తున్నారు. కాస్త న్యాయంగా ఆలోచించండి. ఆంధ్రాలో పెడితే కేరళవాళ్ళకి దూరం. కేరళలో పెడితే తమిళనాడు వాళ్ళు అలుగుతారు. ఏ తీరానికీ దగ్గర కాని ఊరైతే అందరికీ ఒకే రకం ఇబ్బంది. సమానత్వమంటే ఇదే కదా!

గవ్వలపాలెం నుంచి ఒక ప్రతినిధిని పిలిపించే బాధ్యత నాది. ఆ ఊరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి పెద్దకాపు బాలరాజుని పిలిపించాను. పెద్దకాపంటే ఆ ఊరి కట్టుబాట్లు చూసే పెద్దమనిషి.

"ఒక్కరెట్టా వస్తారు సామీ? ఒక్కడి మాట ఒక్కడి మాటే. ఊరి మాట కావాలంటే ఊరు రావాల" అన్నాడు.

నేనది ఏదో సామెత అనుకున్నాను.

సభ రోజు పొద్దున హోటల్ గేటు ముందు బెంగళూరు మార్కెట్టుకి చేపలు తెచ్చే ఐసు లారీ ఒకటి ఆగింది. సెక్యూరిటీ గార్డు దాన్ని చూసి వెనక గేటుకి పొమ్మన్నాడు. వెనక గేటు దగ్గర వంటగది మనిషి తక్కెడ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. లారీ తలుపు తెరిస్తే లోపల్నుంచి చేపలు రాలేదు. గవ్వలపాలెం దిగింది!

ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. అందరూ రాత్రంతా ఐసు పెట్టెల పక్కన కూర్చుని వచ్చినవాళ్ళు. ముందు దిగినావిడ ఆదెమ్మ. గట్టి మనిషి, గట్టి గొంతు.

"మమ్మల్నే తూస్తావా యేంది నాయనా?" అంది వంటగది మనిషి చేతిలో తక్కెడ చూసి. "తూసేట్టయితే ముందర మా పెద్దకాపుని తూయ్. రాత్రి నుంచీ బరువుగా ఉండాడు, మాటే లేదు."

నేను పరుగెత్తుకెళ్ళి, వీళ్ళు సరుకు కాదు, ప్రజలు అని వివరించి ముందు గేటు నుంచి లోపలికి తీసుకొచ్చాను. ఛాయాదేవిగారు వాళ్ళని చూసి చేతులు జోడించి పొంగిపోయారు. "ఎంత ఆథెంటిక్‌గా ఉన్నారప్పా! ఫోటోగ్రాఫర్‌ని పిలువు ముందు!"

రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అందరి మెడల్లో బిళ్ళలు వేశారు. ఆదెమ్మ తన బిళ్ళ తిప్పి చూసుకుంది.

"ఇదేంది సామీ, సంతలో దూడకి కట్టినట్టు?"

"స్టేక్‌హోల్డర్ అని రాసుందమ్మా. అంటే, ఈ విషయంలో మీకూ వాటా ఉందని."

"వాటానా? ఇసకంతా మాదే గదా. మిగతా వాటా ఎవురికి?"

నేను హాలు దారి చూపించాను. నడుస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా మా సముద్రానికి వకీలువి? సముద్రం సూసినావా ఎప్పుడన్నా?"

"పోస్టరులో చూశానమ్మా."

"ఫోటోలో పెళ్ళికూతుర్ని సూసి కాపరం జేస్తన్నట్టుండాదే నీ యవ్వారం!" అని పకపకా నవ్వింది. వెనకున్న ఆడవాళ్ళందరూ నవ్వారు. బాలరాజు ఒక్కడే నవ్వలేదు. ఊరి మాట మోసుకొచ్చినవాడు కదా, ఒలికిపోతుందేమోనని జాగ్రత్తగా నడుస్తున్నాడు.

సభకి పెద్ద ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి భుజంగరావుగారు. తెలుగాయనే. కానీ తెలుగులో మాట్లాడితే మిగతా రాష్ట్రాలవాళ్ళకి అన్యాయం జరుగుతుందని ఇంగ్లీషులోనే మాట్లాడారు. దీనివల్ల అన్ని రాష్ట్రాల జాలరులకూ సమానంగా అర్థం కాలేదు. నేను గవ్వలపాలెం టేబుళ్ళ మధ్య నిలబడి తర్జుమా చేశాను.

తెరమీద రిసార్టు బొమ్మలు వేశారు. తెల్లటి ఇసక, కొబ్బరిచెట్లు, గొడుగు కింద పడుకున్న మనుషులు.

"ఇది ఎవురి ఊరు?" అని గుసగుసగా అడిగింది ఆదెమ్మ.

"మీదేనమ్మా. కట్టాక ఇలా ఉంటుందని."

"మాదా? మరి మా పడవలేవీ?"

"ఇది ఆర్టిస్టు ఊహించి వేసింది."

"మా ఇళ్ళు?"

"అవి ఊహకి అందలేదు కాబోలు."

ఆమె ఇంక నవ్వలేదు. కొంగు భుజాల చుట్టూ గట్టిగా కప్పుకుని ఏసీ చలిలో ఆ తెరకేసి చూస్తూ కూర్చుంది.

అప్పుడు, సరిగ్గా గవ్వలపాలెం వంతు వచ్చేవేళకి, వెయిటర్లు తాంబూలాల పళ్ళేలు తెచ్చారు. ఈవెంట్ మేనేజరుకి ఎత్నిక్ టచ్ అంటే ఇష్టమట. మెరిసే పళ్ళెంలో లవంగం గుచ్చిన కిళ్ళీలు, పక్కన తమలపాకులు, వక్కలు. ప్రతి టేబుల్ మధ్యలో ఒకటి పెట్టి వెళ్ళారు.

అది చూసి ఊరంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చుంది. ఆదెమ్మ పక్కావిడ చెవిలో, "ఎంతైనా గవర్నమెంటోళ్ళు. మర్యాద తెలిసినోళ్ళే!" అనడం నేను విన్నాను. విని సంతోషించాను కూడా.

భుజంగరావుగారు మైకులో అడిగారు, ఈ ప్రతిపాదనకి గవ్వలపాలెం వారికి ఏమైనా అభ్యంతరం ఉందా అని. నేను తెలుగులో మళ్ళీ అడిగాను, గట్టిగా, స్పష్టంగా. ఈ ఒక్క క్షణం కోసమే కదా అన్ని సెమినార్లు పెట్టింది!

ఎవరూ మాట్లాడలేదు.

బాలరాజు పళ్ళెం వైపు చూశాడు. తర్వాత తన మనుషుల వైపు చూశాడు. అందరూ పళ్ళెం వైపు చూశారు. చేతులన్నీ ఒళ్ళోనే ఉన్నాయి. చంకలో పిల్ల ఒకతి వక్క కోసం చెయ్యి చాపితే తల్లి ఆ చెయ్యి వెనక్కి లాగి ఒక్కటి వేసింది. ఆ పిల్ల కూడా ఏడవలేదు.

"చెప్పండి, ఏదున్నా ధైర్యంగా చెప్పండి" అన్నాను. ఆదెమ్మ నావైపు జాలిగా చూసింది, ఇంత చెబుతున్నా అర్థం కాదా అన్నట్టు.

భుజంగరావుగారు గడియారం చూసుకున్నారు. ఆయన ముఖం కొంచెం వాడింది. విమానానికి టైమవుతోంది మరి. "నో అబ్జెక్షన్. వెరీ మెచ్యూర్ కమ్యూనిటీ" అన్నారు. చప్పట్లు మోగాయి. వేదిక మీద అందరూ కిళ్ళీలు అందుకున్నారు. ఛాయాదేవిగారు ఒకటి తీసుకుని నాకొకటి ఇచ్చారు. కిళ్ళీ చాలా బాగుంది. గుల్కందు వేశారు.

భోజనాల దగ్గర గవ్వలపాలెం వాళ్ళు ప్లేటు ముట్టలేదు. పాపం మొహమాటపడుతున్నారని హోటలువాళ్ళు పొట్లాలు కట్టి ఇచ్చారు. ఆ పొట్లాలు తీసుకెళ్ళి గేటు దగ్గర గార్డుకి ఇచ్చేసి, పార్కింగులో లారీ నీడన కూర్చుని తాము తెచ్చుకున్న గిన్నెలు విప్పారు. ఎండు నెత్తళ్ళ పులుసు వాసన లిఫ్టులోకి ఎక్కి ఆరో అంతస్తు దాకా పోయిందని తర్వాత మేనేజరు ఫిర్యాదు చేశాడు.

నేను దిగులుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి అక్కడ పండగలా ఉంది! పొద్దున మాటే లేని బాలరాజు ఇప్పుడు జోకులు వేస్తున్నాడు.

"రా అబ్బయా, కూర్చో!" అంది ఆదెమ్మ. "ఎట్టా తిప్పికొట్టినాం సూసినావా?"

"దేన్ని?"

"దేన్నేందీ! ఒక్కరంటే ఒక్కరు ముట్టుకోలా పళ్ళెం. ఆ ఆఫీసరు మొగం ఎట్టా యాలాడేసినాడో సూసినావు గదా పాపం!"

అప్పుడు బాలరాజు నాకు ఓపిగ్గా వివరించాడు. గవ్వలపాలెంలో ఎవరైనా ఒక మాట అడగడానికి వస్తే మధ్యలో తాంబూలం పళ్ళెం పెడతారు. ఒప్పుకున్నవాడు ఆకూ వక్కా తీసుకుంటాడు. ఒప్పుకోనివాడు ముట్టుకోడు. అంతే. నోరు తెరవకూడదు.

"వచ్చినోణ్ణి మొగమ్మీద కాదంటే మర్యాద గాదు సామీ. పళ్ళెం నిండుగా మిగిలితే వాడికే తెలస్తాది. లేచి పోతాడు. ఇంక మళ్ళీ ఆ మాట ఎత్తడు. మా తాతల నుంచీ ఇదే కట్టుబాటు."

"అన్నం కూడా అందుకే తినలేదా?"

"కాదన్నాక ఆళ్ళింట్లో కూడెట్టా తింటాం?"

నాకు కాళ్ళ కింద ఇసక కదిలినట్టయింది. నిలబడింది సిమెంటు మీదైనా సరే. పరుగెత్తాను. భుజంగరావుగారు కారులో కూర్చుంటున్నారు.

"సార్, గవ్వలపాలెం ఒప్పుకోలేదు సార్!"

"ఎవరు చెప్పారు?"

"పళ్ళెం చెప్పింది సార్."

మొత్తం విన్నారు. మంచాయనే, విసుక్కోలేదు. "మౌనం అర్ధాంగీకారం అని పెద్దలే అన్నారు కదయ్యా" అన్నారు అచ్చమైన తెలుగులో.

"అర్ధమే కదా సార్. మిగతా సగం?"

"సరే, వాళ్ళ లెక్కనే చూద్దాం. పళ్ళెంలోంచి తీసుకుంటే ఒప్పుకున్నట్టు. అంతేనా? నేను రెండు తీసుకున్నాను. మీ డైరెక్టరు తీసుకుంది. మీరు? ఏదీ, నాలుక చూపించండి."

నేను నోరు మూసుకున్నాను.

"చూశారా, మౌనం" అన్నారు. కారు వెళ్ళిపోయింది.

నిలబడి ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఈ పద్ధతి ఎంత గొప్పదో తెలిసొచ్చింది. పాఠకులారా, మీరే చెప్పండి. ఏ కోర్టులోనైనా ఒకడు గెలిస్తే ఒకడు ఓడతాడు. ఒకడు నవ్వుతూ వెళితే ఒకడు ఏడుస్తూ వెళతాడు. ఇక్కడ? ఊరు ఒప్పుకుందని ప్రభుత్వం సంతోషంగా విమానమెక్కింది. ప్రభుత్వం వెనక్కి తగ్గిందని ఊరు సంతోషంగా లారీ ఎక్కింది. మా సంస్థ ప్రజల్ని భాగస్వాముల్ని చేసిందని వార్షిక నివేదిక అట్ట మీద ఆదెమ్మ ఫోటో పడింది. ఓడినవాడంటూ లేని న్యాయం ఇంకెక్కడైనా చూశారా?

కొన్నాళ్ళకి గవ్వలపాలెం ఎస్టీడీ బూత్ నుంచి ఫోను. ఆదెమ్మ.

"అబ్బయా, మనుషులొచ్చి ఇసకలో హద్దురాళ్ళు నాటతన్నారు. మేం కాదన్న్యాం గదా?"

మీరు మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు రాసుకున్నారని చెప్పాను. చట్టం అలా ఉందన్నాను.

ఫోనులో ఆమె వెనక సముద్రం హోరు వినిపించింది. సముద్రాన్ని నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"అట్టయితే తాంబూలం ఎవురు తీసుకున్నారంటా?" అని అడిగింది.

నేను వకీలుని. నాకు వ్యతిరేకంగా వాడదగిన ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం నా హక్కు. లైను బాగాలేదని చెప్పాను.

ఆ తర్వాత గవ్వలపాలెం కట్టుబాటు మార్చుకుంది. మర్యాద మానేసింది. బాలరాజు ఊరందర్నీ ఇసక మీదికి పిలిచి, ఈసారి నోళ్ళు తెరవమన్నాడట. అందరూ కలిసి కాదు, కాదు, కాదు అని అరిచారు. అరుస్తూ రాళ్ళు పెరికారు. పోలీసులు వచ్చి చట్టవిరుద్ధంగా గుమికూడారని, అధికారుల విధులకి అడ్డం తగిలారని కేసు పెట్టారు. మొదటి ముద్దాయి బాలరాజు, రెండో ముద్దాయి ఆదెమ్మ.

ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. అరిస్తే నేరం చేసినట్టు. ఈ రెంటికీ మధ్య ఏదో ఒక చట్టబద్ధమైన శబ్దం ఉండే ఉంటుంది, దగ్గులాగో, సకిలింపులాగో. దానిమీద మా సంస్థ ఒక పరిశోధన పత్రం తయారుచేస్తోంది. ఈలోగా రాళ్ళు మళ్ళీ నాటారు, వాటికి ఇనపకంచె కట్టారు. పడవలు కంచె అవతలే ఒరిగి ఉన్నాయి. ఆడవాళ్ళు నెత్తళ్ళు తారురోడ్డు మీద ఆరబోస్తున్నారు. రోడ్డు మీద లారీలు తిరుగుతాయి. లారీ వచ్చినప్పుడల్లా ఆదెమ్మ చీపురుతో చేపల్ని పక్కకి ఊడ్చి, పోయాక మళ్ళీ పరుస్తుంది. ఒక్కోసారి ఊడ్చే టైముండదు. బెయిలు మీద ఉన్న మనిషి కదా, లారీవాణ్ణి గట్టిగా తిట్టడానికి కూడా లేదు.

అందుకని నాకొక ఆలోచన వచ్చింది. ఇంత మంచి పద్ధతి ఒక్క సముద్రపొడ్డుకే పరిమితం కావడం అన్యాయం. దాని లాభం మీకూ అందాలి.

బెంగళూరు పాఠకులారా, మీ ఇళ్ళకి మేడలున్నాయి. వాటిమీద బ్రహ్మాండమైన ఎండ ఉంది. ఎప్పుడైనా వడియాలు పెట్టడం తప్ప ఏడాది పొడుగునా ఆ ఎండ వృథాగా పోతోంది. గవ్వలపాలెం వాళ్ళకి చేపలున్నాయి, ఆరబెట్టే చోటు లేదు. కాబట్టి నా ముసాయిదా ఇది: బెంగళూరు మేడలన్నిటి మీదా, స్థానికులకు అభ్యంతరం లేనిచోట మాత్రమే, నెత్తళ్ళు ఆరబెట్టుకోవచ్చు.

కంగారుపడకండి! మిమ్మల్ని అడక్కుండా ఒక్క చేప కూడా మెట్లెక్కదు. దానికోసం పోరాడేవాళ్ళం మేమున్నాం. అభిప్రాయ సేకరణ సభ గవ్వలపాలెంలో, తారురోడ్డు పక్కన. జయనగర్ వాళ్ళకీ, మల్లేశ్వరం వాళ్ళకీ, జిగణి వాళ్ళకీ దాదాపు సమానమైన దూరం, ఎవరికీ అన్యాయం జరగదు. తెల్లవారుజామున వేట పడవలు తిరిగొచ్చే వేళకి మొదలవుతుంది. చర్చంతా పట్టపు వాళ్ళ మాటల్లో. మీకు అర్థం కాకపోతే తర్జుమాకి ఒకాయన ఉంటాడు. ఆయన బెంగళూరు ఎన్నడూ చూడలేదు గానీ చాలా సిన్సియర్.

ఏమంటారు మరి? మీ మేడ, మీ ఎండ. ఏదున్నా ధైర్యంగా చెప్పండి.

మాట్లాడరేం?

సంతోషం. రాసుకుంటున్నాను.